అరగని లాడం

ఆ లాడం ఇప్పటికీ మా గుర్రాల కొట్టంలో, టాన్సీ గది తలుపు పక్కన మేకుకు వేలాడుతోంది. అదే మేకుకు తాడుతో కట్టిన నోటు పుస్తకం ఒకటి ఉంటుంది. పుస్తకంలో రాసింది నేను. లాడం తగిలించింది గుర్రాలకు లాడాలు కొట్టే ఆర్లో గారు. రెండిట్లో ఏది నిజం చెబుతోందో మొదట చూసింది ఆయనే. చూసి కూడా ఎవరికీ చెప్పలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

మా అమ్మమ్మ మార్లిస్ నలభై ఏళ్ళు పీపాల పందెంలో గుర్రాలెక్కింది. మైదానంలో మూడు పీపాలు త్రికోణంగా నిలబెడతారు. గుర్రం గేటులోంచి దౌడు తీసి వచ్చి, మూడింటినీ ఒక్కొక్కటిగా చుట్టి, మళ్ళీ అదే గేటులోంచి బయటపడాలి. మొత్తం పదిహేడు సెకన్ల పని. పీపా పడితే అయిదు సెకన్లు కలుపుతారు, అంటే ఇక ఇంటికి పోవచ్చు. ఈ పదిహేడు సెకన్ల కోసం గుర్రాన్ని ఎన్ని నెలలు తయారుచెయ్యాలో మా వైపు పిల్లలకు బడికి వెళ్ళకముందే తెలుసు.

పోయిన శీతాకాలం అమ్మమ్మకు తుంటి ఎముక ఆపరేషన్ అయింది. టాన్సీని వసంతకాలంలో పందేనికి తయారుచేసే పని నాకు అప్పగించింది. టాన్సీ ఆమె చేతుల్లో పుట్టి, ఆమె దగ్గరే నేర్చుకున్న గుర్రం. గోధుమ రంగు, నల్ల జూలు, తొమ్మిదేళ్ళు. దాన్ని మా అమ్మకు కూడా ఇవ్వలేదు. నాకిచ్చింది.

"చూడు కోరిన్, దానికి పీపాలు నేర్పక్కర్లేదు. పీపాల దగ్గర అది నీకంటే ఎక్కువ చదువుకుంది" అంది. "చలికాలమంతా తిని నిలబడింది. ఇప్పుడు దానికి కావాల్సింది ఊపిరీ, కాళ్ళూ. అవి రోడ్డు మీదే దొరుకుతాయి. ఆరు వారాలు. మొదట నడక, తర్వాత చిన్న పరుగు. రోజూ నాలుగు మైళ్ళు, కంకర రోడ్డు మీద. పీపాలు వారానికొక్కసారి చూపించు, అదీ నడకలోనే. విన్నావా?"

"విన్నాను."

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారి. నడకలో."

"రోజూ పుస్తకంలో రాయి. నేను కొట్టం దాకా రాలేకపోయినా పుస్తకం తెప్పించుకుంటాను."

ఏప్రిల్ మధ్యలో ఆర్లో గారు వచ్చి టాన్సీకి కొత్త లాడాలు కొట్టారు. మా చుట్టుపక్కల గుర్రాలన్నిటికీ ఆయనే. డెబ్భై దాటిన మనిషి, వంగిన నడుం, మోకాళ్ళ మీద తోలు ముక్క. అమ్మమ్మా ఆయనా చిన్నప్పుడు ఒకే బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నారట. అందుకే ఒకరినొకరు ఎంత మాటైనా అనుకునేవారు.

"ఇంకా పని మానలేదా ఆర్లో? నిన్ను చూస్తే గుర్రాలే జాలిపడి కాలెత్తి ఇస్తున్నాయి."

"నువ్వు కర్ర పట్టుకున్నాక నా నడుం కొంచెం నిటారైంది మార్లిస్. పోటీ తగ్గింది కదా."

మొదటి వారం నేను చెప్పినట్టే చేశాను. రెండో వారం చిన్న పరుగు మొదలైంది. చిన్న పరుగులో గుర్రం వీపు ఎగిరెగిరి పడుతుంది. రెండు అడుగులకోసారి జీను మీంచి లేచి కూర్చుంటూ పోతేనే గుర్రం వీపూ బాగుంటుంది, మన వీపూ బాగుంటుంది. దూరం నుంచి చూస్తే నవ్వొచ్చేలా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

మా రోడ్డు హాగెన్ వాళ్ళ పొలం పక్కనుంచి పోతుంది. వాళ్ళ ముగ్గురు అన్నదమ్ములు ఆ రోజు కంచె బాగుచేస్తున్నారు. పెద్దవాడు రీడ్ నా తరగతే. మా పల్లె బడిలో అందరం కలిపి తొమ్మిది మందిమి. అక్కడ నేను మాట్లాడకపోయినా ఎవరూ పట్టించుకునేవారు కాదు. పట్నం హైస్కూలుకు వెళ్ళాక, పేరు పిలిస్తే నోరు పెగలక కూర్చుండిపోయేదాన్ని. అది రీడ్‌కు తెలుసు.

"ఏయ్ కోరిన్! జీను కాలుతోందా? కూర్చోలేకపోతున్నావ్!"

చిన్నవాడు సుత్తితో కంచె గుంజ మీద తాళం వేశాడు. "పైకి! కిందికి! పైకి! కిందికి!"

"బడిలో పేరు పిలిస్తే లేవదు" అన్నాడు రీడ్. "ఇక్కడ చూడండ్రా, ఎన్నిసార్లు లేస్తోందో!"

వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. చేతులూపారు కూడా. ఇంకొకరైతే నవ్వి, తిరిగి ఒక మాట అనేసి పోయేవారు. నాకు మొహమంతా మంట పెట్టినట్టయింది. టాన్సీని వెనక్కి తిప్పి ఇంటికొచ్చేశాను. పుస్తకంలో మాత్రం "నాలుగు మైళ్ళు, చిన్న పరుగు" అని రాశాను. అదే మొదటి అబద్ధం. పెన్సిల్ కొంచెం గట్టిగా నొక్కి రాశానని ఇప్పుడు చూస్తే తెలుస్తోంది.

మర్నాడు రోడ్డెక్కలేదు. మా ఇంటి వెనక గాలికి అడ్డంగా నాటిన దేవదారు చెట్ల వరుస దాటితే, అమ్మమ్మ వయసులో ఉండగా వాడిన పాత సాధన మైదానం ఉంది. వరండాలో కుర్చీలో కూర్చుంటే అది కనబడదు. అక్కడ తుప్పుపట్టిన మూడు పీపాలు ఇంకా అలాగే నిలబడి ఉన్నాయి. అంచు వెంట చిన్న పరుగే చేయిద్దామనుకున్నాను. నిజంగా అదే అనుకున్నాను. కానీ టాన్సీ పీపాలను చూసి చెవులు నిక్కబొడుచుకుంది. దాని వీపు నా కింద బిగుసుకుంది. ఒక్కసారే కదా అనుకున్నాను.

ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. పీపా దగ్గరికి వచ్చేసరికి గుర్రం వెనక కాళ్ళ మీద కూర్చున్నట్టు వంగి తిరుగుతుంది. నేల నా మోకాలి దాకా వచ్చినట్టుంటుంది. మళ్ళీ ఒక్క ఉదుటున లేచి తర్వాతి పీపా మీదికి పోతుంది. ఆ కాసేపూ నేను బడిలో నోరెత్తని పిల్లను కాను. చూసేవాళ్ళు లేరు, నవ్వేవాళ్ళు లేరు. చేతి గడియారంలో సెకన్లు చూసుకుని మళ్ళీ పోయాను. ఆ రోజు నాలుగుసార్లు. తర్వాత రోజుకు ఆరు, ఏడు. అయిదు వారాలు. రోజూ పుస్తకంలో "నాలుగు మైళ్ళు." ఒక్కోరోజు నమ్మకంగా ఉండాలని "కొంచెం గాలి ఎక్కువ" అని కూడా చేర్చేదాన్ని.

నాలుగో వారానికి టాన్సీ మారింది. జీను తెస్తే తల తిప్పేసుకునేది. పీపా ఇంకా రాకముందే భుజం లోపలికి వాల్చి తిరగబోయేది. చెట్ల వరుస దగ్గరికి రాగానే ఆగి, ముందుకు కదిలేది కాదు. మడమతో పొడిస్తే వెళ్ళేది. పొడిచాను. ఇది కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

మే నెలాఖరున కౌంటీ మైదానంలో మొదటి పందెం జరిగింది. అమ్మమ్మ ఆపరేషన్ తర్వాత మొదటిసారి బయటికొచ్చింది. మంచి టోపీ పెట్టుకుంది. కర్ర పట్టుకుని గేటు పక్కన నిలబడితే వచ్చేపోయే ఆడవాళ్ళంతా పలకరించారు.

"మార్లిస్, ఈ ఏడు నీ గుర్రం మమ్మల్ని బతకనిస్తుందా?"

"బతకండి, బతకండి. రెండో స్థానం కోసం కొట్టుకోండి" అంది అమ్మమ్మ.

నా పేరు పిలిచారు. గేటుకు ముందు ఇరుకైన దారి ఉంటుంది. టాన్సీ అందులోకి అడుగుపెట్టలేదు. ముందు కాళ్ళు బిగించి నిలబడింది. కళ్ళలో తెల్లగుడ్డు కనబడుతోంది. ఎవరో మెడ దగ్గర పట్టీ పట్టుకుని లాగారు. అడ్డంగా, పీతలా లోపలికి వచ్చింది. దౌడు తీసింది, కానీ మొదటి పీపా ఇంకా రెండు గజాలుండగానే భుజం వాల్చి తిరిగింది. పీపా నా మోకాలికి తగిలి దొర్లిపోయింది. రెండోదాని దగ్గర అసలు తిరగకుండా కంచెకు అడ్డంపడి ఆగిపోయింది. నేను మెడ మీదికి జారి జూలు పట్టుకుని వేలాడాను. మైకులో ఎవరో "పర్వాలేదు, చప్పట్లు కొట్టండి" అన్నారు. కొట్టారు. దానికంటే నవ్వితే బాగుండేది.

బయటికొచ్చేసరికి అమ్మమ్మ ఎదురొచ్చింది. కర్ర నా చేతికిచ్చి, టాన్సీ కాళ్ళు ఒక్కొక్కటీ పై నుంచి కింది దాకా తడిమింది. కిందికి వంగలేక మోకాలి దగ్గర ఆగిపోయింది.

"గుర్రం ఇలా చేస్తే రెండే కారణాలు" అంది నలుగురూ వినేలా. "పీపాల చుట్టూ తిప్పి తిప్పి దానికి విసుగు పుట్టించి ఉండాలి. లేదా కాళ్ళు నొప్పి పుడుతుండాలి. మొదటిది కాదు. ఆరు వారాలు రోడ్డు మీదే ఉంది, రోజుకు నాలుగు మైళ్ళు. నా దగ్గర రాసిన పుస్తకం ఉంది." అని తలెత్తి చూసింది. "ఆర్లో! ఇటు రా!"

ఆర్లో గారు పందెం రోజుల్లో తన బండి మైదానంలోనే పెట్టుకుంటారు, ఎవరి గుర్రానికైనా లాడం ఊడితే కొట్టడానికి. చేతులు తుడుచుకుంటూ వచ్చారు.

"గిట్టలు ఎంత పొట్టిగా కోశావ్?"

"ఎప్పటిలాగే కోశాను మార్లిస్."

"ఎప్పటిలా కోస్తే నా గుర్రం గేటు దగ్గర ఎందుకు ఏడుస్తోంది? కళ్ళు మందగించాయని ఒప్పుకో. మా గుర్రాలను కుంటివి చేశాక ఒప్పుకుంటావా?"

అక్కడ నలభై మందైనా ఉంటారు. ట్రక్కుల వెనక తలుపులు దించుకుని కూర్చున్న ఆడవాళ్ళు కాఫీ కప్పులు పట్టుకుని అలాగే ఉండిపోయారు. నేను గుర్రం మెడ చాటున ఉన్నాను. నా నోట్లో మాట ఉంది. నాలుక మీద దాని బరువు కూడా తెలుస్తోంది. నేను దాన్ని మింగేశాను.

"మంగళవారం వచ్చి లాడాలు విప్పి చూస్తాను" అన్నారు ఆర్లో గారు.

మంగళవారం వచ్చారు. అమ్మమ్మ కొట్టంలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. నేను టాన్సీని పట్టుకున్నాను. ఆయన మొదటి కాలు ఒళ్ళోకి తీసుకుని మేకులు పీకి, లాడం ఊడదీసి, గిట్ట నాలుగు పక్కలా పటకారుతో నొక్కి చూశారు. టాన్సీ కదల్లేదు.

"నొప్పి లేదు" అన్నారు.

తర్వాత లాడాన్ని వెలుతురులోకి తిప్పారు. నేనూ చూశాను. రోజుకు నాలుగు మైళ్ళు కంకర మీద పరిగెత్తిన గుర్రం లాడం ఆరు వారాలకు ముందు అంచు దగ్గర పల్చబడి మెరుస్తుంది. మేకుల తలలు అరిగి సాపు అయిపోతాయి. మా వైపు అది చూసి చెప్పలేనివాళ్ళు లేరు. ఈ లాడం ఏప్రిల్‌లో కొట్టినట్టే దళసరిగా ఉంది. మేకులు దిగే గాడి లోతుగా, దాన్నిండా పాత మైదానంలోని ఎర్ర ఇసుక గట్టిపడి ఉంది.

ఆర్లో గారు బొటనవేలితో ఆ ఇసుకను గీకారు. తలుపు పక్కనున్న పుస్తకం తెరిచి, రెండు పేజీలు తిరగేశారు. కళ్ళు మందగించాయని అమ్మమ్మ అన్నది అబద్ధమని నాకు ఆ క్షణంలో బాగా తెలిసింది. ఆయన నావైపు చూశారు. కోపంగా కాదు. దెబ్బ తగిలిన కాలు ఎత్తమంటే గుర్రం ఎత్తుతుందో లేదో అని చూస్తారే, అలా చూశారు.

నేను తల దించుకున్నాను.

"ఏం కనబడింది?" అంది అమ్మమ్మ.

ఆయన ఆ లాడాన్ని పుస్తకం మేకుకే తగిలించారు. మిగతా మూడు కాళ్ళూ అలాగే చూసి, ఆ లాడాలు బకెట్‌లో పడేశారు. "గిట్టల్లో తప్పేం లేదు మార్లిస్. నేను చెప్పగలిగింది అంతే."

"అయితే తప్పు ఎక్కడుంది?"

"అది నేను చెప్పేది కాదు."

"చెప్పడానికి నీ దగ్గర ఏమీ లేదు. ఇక నువ్వు రానక్కర్లేదు."

ఆయన పనిముట్లు సర్దుకున్నారు. వెళ్తూ టాన్సీ మెడ తట్టారు.

నాకు తొమ్మిదేళ్ళప్పటి నుంచీ డైరీ రాసే అలవాటు. ఆ రోజు అందులో జరిగిందంతా రాశాను, ఏదీ దాచలేదు. రాశాక కొంచెం తేలికైంది. ఆ తేలిక చూసి నామీద నాకే అసహ్యం వేసింది. మంచం కింద పెట్టే పుస్తకంలో నిజం, అందరూ చూసే పుస్తకంలో అబద్ధం. నా నిజం వల్ల ఆర్లో గారికి ఏం ఒరిగింది?

శుక్రవారం ఎడ్నా లుండ్ ఆంటీ ఫోన్ చేసింది. ఆమె గుర్రాలకూ లాడాలు కొట్టేది ఆర్లో గారే. అమ్మమ్మ మాట్లాడుతుంటే నేను బంగాళాదుంపలు తరుగుతున్నాను.

"నువ్వు కూడా మాన్పించావా? మంచి పని చేశావ్ ఎడ్నా... బర్గ్ వాళ్ళు కూడానా? అవునా... ఏం చేస్తాం, వయసైపోయింది పాపం. ఎవరో ఒకరు చెప్పాలి కదా."

ఫోన్ పెట్టేసి, "అరవై ఏళ్ళ స్నేహం" అంది కిటికీలోంచి చూస్తూ. "నాకేమైనా సరదానా?"

కత్తి పక్కన పెట్టి కొట్టానికి వెళ్ళాను. లాడం, పుస్తకం రెండూ తెచ్చి ఆమె ముందు బల్ల మీద పెట్టాను. లాడం తిరగేసి గాడి చూపించాను.

అమ్మమ్మ కళ్ళద్దాలు పెట్టుకుంది. బొటనవేలు ముందు అంచు మీద ఇటూ అటూ నడిపింది. గాడి లోతు తడిమింది. ఇసుకను గోటితో తీసి, రెండు వేళ్ళ మధ్య నలిపింది. ఆ ఇసుక ఎక్కడిదో ఆమెకు చెప్పక్కర్లేదు. పాతికేళ్ళు అందులో తిరిగింది.

"రోజూనా?" అంది.

"రోజూ."

"ఎన్నిసార్లు?"

"ఆరు. ఒక్కోరోజు ఏడు."

"దౌడులోనా?"

తలూపాను.

"నోటితో చెప్పు."

"దౌడులోనే. హాగెన్ వాళ్ళు... నేను లేచి కూర్చుంటుంటే నవ్వారు. రోడ్డు మీదికి పోలేకపోయాను."

తిడుతుందనుకున్నాను. ఆమె మొహం ఎర్రబడి, తర్వాత పాలిపోయింది. లాడం బల్ల మీద నెమ్మదిగా పెట్టింది.

"వాడు చూశాడు" అంది. "నా ఎదురుగా చూసి, తగిలించి పోయాడు. నేను కుర్చీలోంచి లేచి నాలుగడుగులు వేసి చూడలేదు." కళ్ళద్దాలు తీసి, "ఆ మాట నేను ఎక్కడన్నాను?" అంది.

"గేటు దగ్గర."

"ఎంతమంది?"

"నలభై."

"నువ్వు నాకు వంటింట్లో చెప్పావ్. సరిపోతుందా?"

ఉల్లిపాయలు, మాంసం వేసి పొయ్యిలో పెట్టాల్సిన దుంపలు అలాగే నీళ్ళలో ఉండిపోయాయి. ఆ పూట రొట్టె తిన్నాం.

శనివారం మళ్ళీ పందెం. మేం గుర్రాన్ని తీసుకెళ్ళలేదు. ట్రక్కుల వెనక తలుపుల మీద అదే ఆడవాళ్ళు, అవే కాఫీ కప్పులు. ఆర్లో గారి బండి ఒక మూలగా ఉంది. దాని దగ్గర గుర్రం ఒక్కటీ లేదు. ఆయన బండి మెట్టు మీద కూర్చుని ఉత్త చేతులతో ఉన్నారు.

అమ్మమ్మ గేటు దగ్గర, అన్నచోటే నిలబడింది. "నేను పోయిన శనివారం ఇక్కడ ఆర్లోని ఒక మాటన్నాను. అది తప్పు. ఎందుకు తప్పో నా మనవరాలు చెబుతుంది" అంది. చెప్పి, నా పక్కనుంచి జరిగిపోయింది. చాటుగా నిలబడడానికి గుర్రం మెడ కూడా లేదు.

"టాన్సీని నేను రోడ్డు మీద తిప్పలేదు" అన్నాను.

"వినబడలేదమ్మా" అంది లుండ్ ఆంటీ. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. నిజంగానే వినబడలేదు. "కొంచెం గట్టిగా."

మళ్ళీ చెప్పాను. ఈసారి నా గొంతు నాకే వింతగా, ఎవరిదోలా వినబడింది. "రోడ్డు మీద తిప్పలేదు. అయిదు వారాలు రోజూ పీపాల చుట్టూ దౌడు తీయించాను. పుస్తకంలో నాలుగు మైళ్ళని అబద్ధం రాశాను. ఆర్లో గారు లాడం చూసి కనిపెట్టారు. ఆయన తప్పేమీ లేదు. నేను ఇక్కడే ఉండి కూడా నోరు మూసుకున్నాను."

కంచె మీద రీడ్ హాగెన్ కూర్చుని ఉన్నాడు. నవ్వలేదు. టోపీ సర్దుకుని కిందికి చూశాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరో "అయ్యో, అలాంటి గుర్రాన్ని" అన్నారు. నా గురించి కాదు, టాన్సీ గురించి. అది నాకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

అమ్మమ్మ కర్ర నేలకు ఆనించుకుంటూ బండి దాకా వెళ్ళింది. నేను వెనకాలే వెళ్ళాను.

"ఆర్లో, అనకూడని మాటన్నాను."

"అన్నావ్" అన్నారాయన. పర్వాలేదని అనలేదు.

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు మీరు?" అని అడిగాను. ఆయనతో నేను మాట్లాడిన మొదటి పూర్తి వాక్యం అదేనేమో.

"లాడాలు కొట్టేవాడు తప్పు నాది కాదంటే ఎవరు నమ్ముతారు?" అన్నారు. తర్వాత కొంచెం తగ్గి, "నువ్వు చెబుతావేమోనని మంగళవారం చూశాను. బుధవారం, గురువారం కూడా చూశాను" అన్నారు.

అప్పటికి లుండ్ ఆంటీ తన నల్ల గుర్రాన్ని నడిపించుకుని బండివైపు వస్తోంది. బర్గ్ వాళ్ళు మాత్రం రాలేదు. ఇప్పటికీ వేరే అతన్నే పిలుస్తున్నారు. ఒకసారి అన్న మాటను వెనక్కి తీసుకున్నా అది అందరి చెవుల్లోంచీ వెనక్కి రాదు.

టాన్సీకి ఈ ఏడు పందేలు లేవు. అమ్మమ్మ ఆ మూడు పాత పీపాలనూ ట్రాక్టర్‌తో ఈడ్పించేసింది. నాలుగు వారాలు లాడాల్లేకుండా గడ్డిలో వదిలేశాం. జూలైలో ఆర్లో గారు వచ్చి కొత్తవి కొట్టారు. అమ్మమ్మతో గిట్టల గురించే మాట్లాడారు. జోకులేమీ వెయ్యలేదు. పాత లాడాన్ని మేకు మీంచి తీసెయ్యబోతే అమ్మమ్మ వద్దంది. నేనూ వద్దన్నాను.

మర్నాడు టాన్సీని రోడ్డు మీదికి తీసుకెళ్ళాను. మలుపు దగ్గర ఆగి, తల తిప్పి దేవదారు చెట్లవైపు చూసింది. నేను మడమ తాకించలేదు. దానికి తోచినప్పుడు కదిలింది. హాగెన్ వాళ్ళు ఎండుగడ్డి కట్టలు ఎత్తుతున్నారు. చిన్నవాడు నన్ను చూడగానే కట్ట దించేసి, అరిచాడు.

"పైకి! కిందికి!"

మేము ఇంకా నడకలోనే ఉన్నాం. చిన్న పరుగుకు రెండు వారాలు ఆగాలి. నా మొహం అలాగే మండింది. అది తగ్గుతుందని నేననుకోవడం లేదు. కానీ తిరిగి రావడానికి వేరే దారి లేదు, మళ్ళీ వాళ్ళ ముందునుంచే రావాలి. వచ్చాను.

కొట్టంలో జీను దించి, పెన్సిల్ తీసుకుని పుస్తకంలో ఆ రోజుది రాశాను: "ఒక మైలు. నడక. మలుపు దగ్గర ఆగింది."